తెలుగు కథలో గృహసౌఖ్యం: సర్దుబాటు, సమతౌల్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గృహజీవితంలోని సంతృప్తిని తెలుగు సాహిత్య విమర్శ సాధారణంగా రెండు వేర్వేరు శీర్షికల కింద చర్చించింది. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలను హాస్యసాహిత్యంలో భాగంగానూ, అబ్బూరి ఛాయాదేవి, పి. సత్యవతి కథలను స్త్రీవాద సాహిత్యంలో భాగంగానూ చదువుతున్నాం. ఈ విభజన వల్ల ఈ రచనలన్నీ అడిగిన ఒకే ప్రశ్న మరుగున పడింది. ఇంట్లో సుఖం ఎప్పుడు సమతౌల్యమవుతుంది, ఎప్పుడు ఒక్కరి సర్దుబాటుగా మిగిలిపోతుంది అన్నదే ఆ ప్రశ్న. మాట, తీరిక, పేరు అనే మూడు ప్రమాణాలతో ఈ కథలను కలిపి చదివి, ఆ ప్రశ్నకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గృహసౌఖ్యం, దాంపత్యం, సర్దుబాటు, సమతౌల్యం, హాస్యం, స్త్రీవాదం, తెలుగు కథ.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ తరగతిలో పి. సత్యవతి 'ఇల్లలకగానే...' కథ చెప్పడం పూర్తయిన తరువాత ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న ఈ వ్యాసానికి ప్రేరణ. "పేరు దొరికాక శారద మళ్లీ ఆ ఇంటికే ఎందుకు వెళ్లింది మేడం?" అని ఆమె అడిగింది. ఆ రోజు నేను చెప్పిన సమాధానం పాఠ్యపుస్తకాల సమాధానం. స్త్రీ చైతన్యం, అస్తిత్వస్పృహ అనే మాటలు అందులో ఉన్నాయి కాని, "ఎందుకు వెళ్లింది" అన్నదానికి జవాబు మాత్రం లేదు. ఇల్లు కేవలం బంధిఖానా అయితే శారద తిరిగి వెళ్లడం ఓటమి. ఇల్లు కేవలం సుఖనిలయమైతే ఆమె పేరు మరచిపోవడానికి కారణమే లేదు. కథ ఈ రెండింటిలో దేన్నీ అంగీకరించడం లేదు.

అందువల్ల ప్రశ్నను కొంత వెనుక నుంచి మొదలుపెట్టడం అవసరమనిపించింది. గృహసౌఖ్యం అనే భావనను తెలుగు రచన ఎవరి నోట చెప్పించింది? ఆ సౌఖ్యానికి అయ్యే శ్రమను ఎవరి ఖాతాలో రాసింది? ఈ ప్రశ్నలతో ముందుగా ఒక ప్రాచీన ఘట్టాన్ని, ఆ తరువాత ఆధునిక కథలను పరిశీలిద్దాం.

2. పూర్వరంగం: ద్రౌపది చెప్పిన గృహధర్మం

మహాభారతం అరణ్యపర్వంలోని ద్రౌపదీ సత్యభామా సంవాదం గృహజీవితాన్ని గురించి ఇద్దరు స్త్రీలు మాట్లాడుకునే అరుదైన సందర్భం. తెలుగులో ఇది అరణ్యపర్వశేషాన్ని పూరించిన ఎఱ్ఱన భాగంలో ఉంది. భర్తలు నీకు ఇంత అనుకూలంగా ఉండడానికి వ్రతమా, మంత్రమా, మందా కారణమని సత్యభామ అడుగుతుంది. అటువంటివి సత్‌స్త్రీలు చేసేవి కావని ద్రౌపది తోసిపుచ్చి, తన దినచర్యను వివరిస్తుంది. అహంకారాన్నీ కోపాన్నీ అదుపులో ఉంచుకోవడం, ఇల్లు శుభ్రంగా ఉంచడం, వేళకు భోజనం అమర్చడం, పరిజనుల యోగక్షేమాలు కనిపెట్టడం, ఆదాయవ్యయాలు తెలిసి ఉండడం ఆ దినచర్యలోని అంశాలు.

ఈ ఘట్టాన్ని పతివ్రతాధర్మ బోధగా చదవడం పరిపాటి. కాని ఇందులో మరొక విశేషం ఉంది. ఇంటి సుఖం ఏ మహిమ వల్లా రాదని, అది రోజూ చేసే పని వల్ల తయారవుతుందని ఆ పని చేసిన మనిషే చెబుతోంది. ఆ మేరకు ఇది గృహశ్రమను గుర్తించిన పాఠం. అయితే సత్యభామ అడిగింది భర్తల ప్రసన్నత గురించే. ద్రౌపది చెప్పింది కూడా దాని గురించే. "నీకు సుఖంగా ఉందా?" అన్న ప్రశ్న ఆ సంభాషణలో తలెత్తదు. ఆధునిక కథకు సంక్రమించిన వారసత్వం ఇది: శ్రమ తెలుసు, ఆ శ్రమ ఫలం ఎవరికి చేరుతుందో తెలుసు, శ్రమించిన వారి సంతృప్తి మాత్రం ఎవరూ అడగని విషయం.

3. మొదటి ప్రమాణం: మాట – కాంతం కథలు

మునిమాణిక్యం నరసింహారావు (1898–1973) సృష్టించిన కాంతం తెలుగు కథలో చిరస్థాయిగా నిలిచిన ఇల్లాలు. 'కాంతం కథలు', 'కాంతం కైఫీయతు', 'కాంతం వృద్ధాప్యం', 'దాంపత్యోపనిషత్తు' అన్న పేర్లే ఆయన దృష్టి ఎక్కడ నిలిచిందో చెబుతాయి. రచయిత స్వయంగా ఉపాధ్యాయుడు. కథలు చెప్పే భర్త కూడా చాలీచాలని జీతంతో నెట్టుకొచ్చే బడిపంతులే. పిల్లలు, ఖర్చులు, చుట్టాలు, చిన్న చిన్న అలకలు ఈ కథల లోకం.

ఈ కథల్లోని సంతృప్తి కలిమి వల్ల వచ్చినది కాదు. లేమిని దాచి చూపించే సంతృప్తి కూడా కాదు. డబ్బు చాలకపోవడం ఈ దంపతుల మధ్య వాదానికి కారణమవుతుంది, ఆ వాదం చమత్కారంగా మారుతుంది, చమత్కారం వారిని మళ్లీ ఒక దరికి చేరుస్తుంది. ఈ క్రమంలో గమనించవలసింది కాంతం మాటతీరు. ఆమె భర్తను ఎత్తిపొడుస్తుంది. ఆయన పాండిత్యాన్నీ, రచయితనన్న ఆయన గొప్పనూ లెక్కచేయదు. కథ చెప్పేవాడు భర్తే అయినా ఎక్కువసార్లు నవ్వులపాలయ్యేది కూడా అతడే. తన ఓటమిని తానే చెప్పుకొని నవ్వించే ఈ కథనపద్ధతి మునిమాణిక్యం హాస్యానికి పట్టుగొమ్మ. 'మన హాస్యం' వంటి గ్రంథంలో హాస్యాన్ని శాస్త్రదృష్టితో వివేచించిన రచయితకు, తనను తాను నవ్వుకోవడానికీ ఎదుటివారిని చూసి నవ్వడానికీ గల అంతరం బాగా తెలుసు.

ద్రౌపది చెప్పిన గృహధర్మంతో పోలిస్తే ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు కనిపిస్తుంది. అక్కడ కోపాన్ని అణచుకోవడం గుణం. ఇక్కడ కోపం బయటికి వస్తుంది, మాటగా మారుతుంది, ఆ మాటకు ఇంట్లో చోటు దొరుకుతుంది. భార్య ఎదురు చెప్పినా కాపురం కూలిపోదనీ, ఆ మాటకు మాట వల్లనే నిలబడుతుందనీ ఈ కథలు నమ్మాయి. కనుక కాంతం కథలను "పాతకాలపు అన్యోన్య దాంపత్యం" అని మెచ్చుకొని వదిలేయడం గాని, "పురుషదృష్టి" అని ఒక్క మాటతో తోసివేయడం గాని సరికాదు. ఎదురు మాటకు చోటున్న ఇల్లూ, చోటులేని ఇల్లూ ఒకటి కావు.

అయినా ఈ కథలకు ఒక పరిమితి ఉంది. భర్త కూర్చుని కథ రాసే వేళకు వంటింట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. అతడికి కథ చెప్పేంత తీరిక ఎక్కడి నుంచి వచ్చిందన్న లెక్క కథలోకి రాదు. 'కైఫీయతు' అనే పదం కూడా ఆలోచింపజేస్తుంది. ఒక ఊరి వృత్తాంతాన్ని, ఒకరి వాంగ్మూలాన్ని నమోదు చేసిన పత్రం కైఫీయతు. కాంతం పేరుతో కైఫీయతు ఉన్నా దాన్ని నమోదు చేసిన కలం రచయితదే. కాంతం మాట మనకు వినిపిస్తుంది, కాని ఆమె రాసుకున్న మాట వినిపించదు. ఆ తేడా ఎంతటిదో తెలియాలంటే ఇల్లాళ్లే కలం పట్టిన కాలానికి రావాలి.

4. రెండవ ప్రమాణం: తీరిక – అబ్బూరి ఛాయాదేవి కథలు

అబ్బూరి ఛాయాదేవి (1933–2019) కథల్లో పెద్ద సంఘటనలు అరుదు. 'తన మార్గం' కథాసంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఈ రచయిత్రి, ఇంటి లోపలి మామూలు విషయాలనే ఎంచుకొని అతి తక్కువ స్వరంతో కథ చెబుతారు.

ఆమె 'సుఖాంతం' కథకు వస్తువు నిద్ర. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ, బాధ్యతలు మారుతున్న ప్రతి దశలోనూ తనివితీరా నిద్రపోలేకపోయిన ఒక స్త్రీ చివరికి నిద్రమాత్రలను ఆశ్రయిస్తుంది. ఆ ఇంట్లో ఆమెను కొట్టినవారు లేరు, తిట్టి తరిమినవారు లేరు. చూసేవారికి అది చక్కటి సంసారమే. అందరి అవసరాలూ తీరాయి. ఒక్క మనిషి నిద్ర మాత్రం తీరలేదు. కథా ప్రక్రియలో మంగళప్రదమైన ముగింపుకు వాడే పదాన్ని ఇటువంటి కథకు పేరుగా పెట్టడంలోని వ్యంగ్యం తీవ్రమైనది. "సుఖాంతం" ఎవరికన్న ప్రశ్నను పాఠకుడే వేసుకోవాలి.

కాంతం కథల్లో లేని లెక్క ఇక్కడ కథగా మారింది. గృహసౌఖ్యాన్ని వస్తువులతోనో, అనురాగంతోనో కొలిచే అలవాటు మనది. ఛాయాదేవి కాలంతో కొలిచారు. ఇంటిపని ఎంత బరువు అన్నదానికన్నా, ఆ పని మధ్య ఎవరూ లేపని ఒక గంట దక్కిందా లేదా అన్నది ఆమె ప్రమాణం. ఇది కథకే పరిమితమైన ఊహ కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటివారి కోసం వేతనం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. ఆ పనుల్లో పాల్గొనే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. ఆ రోజు అటువంటి పని ఏదైనా చేసినవారు స్త్రీలలో 81.2 శాతం కాగా, పురుషులలో 26.1 శాతం మాత్రమే. కథ రాసిన కాలానికీ ఈ సర్వేకూ మధ్య కొన్ని దశాబ్దాలు గడిచాయి. లెక్క తీరు పెద్దగా మారలేదని చెప్పడానికి ఈ అంకెలు చాలు.

'బోన్‌సాయ్ బ్రతుకు' ఇదే ప్రశ్నను మరొక వైపు నుంచి చూస్తుంది. చదువుకొని ఉద్యోగం చేస్తూ నగరంలో ఉన్న చెల్లెలి ఇంటికి, పెద్దగా చదువుకోని అక్కయ్య పల్లె నుంచి వస్తుంది. చెల్లెలు అపురూపంగా పెంచుకుంటున్న తురాయి, దానిమ్మ బోన్‌సాయ్ మొక్కలను చూసి ఆమె ముచ్చటపడదు. గాలివానలో రోడ్డు పక్కనున్న తురాయి చెట్టు నీడన జనం తలదాచుకోవడం గమనించి, కుండీలోని తురాయిని ఆడదాని బ్రతుకుతో పోలుస్తుంది.

ఈ ప్రతీకను ఆడపిల్లల పెంపకంలోని వివక్షకు అన్వయించి వివరించడం సముచితమే. దానితో పాటు సంతృప్తి అనే భావనపై కూడా ఈ కథ విమర్శ చేస్తున్నదని నా అభిప్రాయం. బోన్‌సాయ్ ఎండిపోయిన మొక్క కాదు. దానికి నీళ్లున్నాయి, ఎరువు ఉంది, రోజూ కనిపెట్టి చూసే చేయి ఉంది. దూరం నుంచి చూసేవారికి అది తృప్తిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కొమ్మలు కత్తిరించి, వేళ్లు కత్తిరించి, కుండీకి సరిపోయేలా చేయడం వల్లనే ఆ పొందిక వచ్చింది. మరొక విశేషమేమంటే, ఈ మాట అనగలిగింది అవకాశాలు అందుకున్న చెల్లెలు కాదు, వాటిని కోల్పోయిన అక్కయ్య. తనకు దక్కనిదాని విలువ తెలిసిన మనిషి కనుకనే పొందికకూ ఎదుగుదలకూ గల తేడా ఆమెకు వెంటనే తెలిసింది.

5. మూడవ ప్రమాణం: పేరు – 'ఇల్లలకగానే...'

పి. సత్యవతి కథకు శీర్షిక "ఇల్లలకగానే పండగ కాదు" అన్న సామెతలోని సగం. మొదలుపెట్టిన పనికీ, అందవలసిన ఫలితానికీ మధ్య ఎంతో దూరం ఉందని ఆ సామెత చెబుతుంది. రచయిత్రి సామెతను అక్షరార్థంలోకి దించారు. ఇంటిని అలికి, తుడిచి, ముగ్గులు పెట్టి, అద్దంలా ఉంచడమే జీవితంగా చేసుకున్న ఒక ఇల్లాలికి ఒకనాడు తన పేరు గుర్తురాదు. పనిమనిషి, పొరుగువారు, పిల్లలు, భర్త – ఎవరిని కదిపినా వారికి తాను ఏమవుతుందో చెబుతారే గాని, ఆమె పేరు దొరకదు. చివరికి పుట్టింటికి వెళ్తుంది. అక్కడ పాత స్నేహితురాలు ఆమెను శారదా అని పిలిచి, చదువులో, చిత్రలేఖనంలో ఒకప్పటి ఆమె ప్రతిభను గుర్తు చేస్తుంది.

ఈ ఇంట్లో కూడా బాధించేవారు లేరు. ఇల్లు నీదేనన్న మాట భర్త ముందే చెప్పాడు. సమస్య ఆ మాటలోనే ఉంది. ఇల్లు ఆమెదైన కొద్దీ ఆమె ఇంటిదైపోయింది. తెలుగు కుటుంబాల్లో వరసపెట్టి పిలవడం ఆప్యాయతకు గుర్తు. వదినా, అత్తా, అమ్మా అన్న పిలుపుల్లో చనువుంది, గౌరవముంది. కథ ఈ పిలుపులను నిందించడం లేదు. వరసలు ఉండి పేరు లేకపోవడమే దాని అభ్యంతరం. వరస ఇతరులతో సంబంధాన్ని చెబుతుంది. ఆ సంబంధాలన్నీ నిలబడడానికి కావలసిన ఒక మనిషిని పేరు చెబుతుంది. ఆ మనిషి కనిపించకుండా పోతే, మిగిలిన పిలుపులన్నీ పనులకు పెట్టిన పేర్లవుతాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. శారద తిరిగి ఎందుకు వెళ్లింది? ముగింపులో రచయిత్రి చూపించిన దృశ్యంలో దీనికి సమాధానం ఉంది. తన్ను పేరుతో పిలవమని భర్తకు స్పష్టంగా చెప్పిన శారద, రెండు రోజులుగా దులపని సోఫాలో హాయిగా కూర్చుని, తాను గీసిన బొమ్మల ఆల్బమ్‌ను పిల్లలకు చూపిస్తుంది. ఇల్లు అదే, మనుషులు వారే. మారినవి రెండు. ఆమెకు పేరు వచ్చింది. దుమ్ము ఉండగా కూర్చోవడానికి ఆమెకు మనసొప్పింది. అంతవరకు సోఫా దులపడానికే ఉన్నది, ఇప్పుడు కూర్చోవడానికి పనికొచ్చింది. పిల్లలకు ఆమె అంతవరకూ వండిపెట్టే తల్లి, ఇప్పుడు బొమ్మలు గీసిన మనిషి కూడా.

ఆమె ఇల్లు వదలకపోవడం రచయిత్రి రాజీ అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఆ ఆక్షేపణలో బలం లేకపోలేదు. భర్త ఆ మర్నాటి నుంచి ఇల్లు ఊడుస్తాడన్న హామీ కథలో లేదు. కాని శారద తిరిగి వచ్చింది పాత స్థానానికి కాదు. పాత ఇంట్లో కొత్త షరతు పెట్టడానికి వచ్చింది. గృహజీవితాన్ని వదలకుండానే దాన్ని మార్చవచ్చని నమ్మే కథ ఇది. ఆ నమ్మకాన్ని ప్రశ్నించవచ్చు, రాజీ అనలేము.

6. సర్దుబాటు, సమతౌల్యం

తెలుగులో కాపురం గురించి ఎక్కువగా వినిపించే క్రియ 'సర్దుకుపోవడం'. సర్దడం అంటే వస్తువులను ఉండవలసిన చోట ఉంచడం. సర్దుకోవడంలో ఆ పని చేసే మనిషే ఆ వస్తువు కూడా. తనను తాను మడిచి, ఉన్న చోటుకు సరిపోయేలా చేసుకోవడం దాని అర్థం. ఇద్దరు కలిసి ఉండాలంటే ఇది కొంత తప్పదు. ఆ పని ఇద్దరూ వంతులవారీగా చేస్తే సమతౌల్యం. ఎప్పుడూ ఒకరే చేస్తే అది ఆ ఒకరి స్వభావమని పేరుపడుతుంది. "ఆవిడ చాలా సర్దుకుపోయే మనిషి" అన్న మెచ్చుకోలు వెనుక ఎన్నో ఏళ్ల పని దాగి ఉంటుంది.

ఈ వెలుగులో పై మూడు ప్రమాణాలు ఒకదానికొకటి పూరకాలుగా కనిపిస్తాయి. కాంతానికి మాట ఉంది, తీరిక లెక్కలోకి రాలేదు. 'సుఖాంతం' కథానాయిక చుట్టూ సంసారమంతా సజావుగా ఉంది, ఆమెకు నిద్ర లేదు. శారదకు చక్కటి ఇల్లుంది, పేరు లేదు. కనుక ఒక్క ప్రమాణంతో ఏ ఇంటినీ సుఖనిలయమని నిర్ణయించలేం. హాస్యకథను చదివేటప్పుడు తీరిక గురించీ, స్త్రీవాద కథను చదివేటప్పుడు ఆ ఇంట్లో నవ్వుకు చోటుందా అన్న దాని గురించీ అడగగలిగితే రెండు పఠనాలూ సుసంపన్నమవుతాయి. శారద కథ చివర వినిపించేది కూడా ఒక రకమైన చమత్కారమే. సామెతను భర్తకు తిప్పి చెప్పిన ఆ నేర్పు కాంతం వారసత్వమని నేను భావిస్తున్నాను.

ఈ పరిశీలనకు ఒక హద్దు ఉంది. ఇక్కడ చర్చించినవన్నీ మధ్యతరగతి ఇళ్లు. శారదకు ఒక పనిమనిషి ఉంది. ఆ పనిమనిషి సొంత ఇంటిని ఎవరు అలుకుతారు, ఆమె నిద్ర ఎప్పుడు అన్నది ఈ కథ పరిధిలోకి రాదు. పొలంలోనూ, ఇతరుల ఇళ్లలోనూ పనిచేసి వచ్చి తన ఇల్లు చూసుకునే స్త్రీకి 'గృహిణి' అన్న పదమే పూర్తిగా వర్తించదు. జూపాక సుభద్ర, గోగు శ్యామల వంటి రచయిత్రుల కథలను ఇవే ప్రమాణాలతో చదివితే, వీటిలో ఏది నిలబడుతుందో, ఏది సవరించుకోవాలో తేలుతుంది. అది ప్రత్యేక అధ్యయనం కావలసిన విషయం.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి, ఇంటి సుఖం సహజంగా ఉండేది కాదని, నిత్యశ్రమతో తయారయ్యేదని తెలుగు రచన ఎఱ్ఱన కాలం నుంచీ ఎరుగును. రెండు, ఆ శ్రమ చేసేవారి సంతృప్తిని ప్రశ్నగా నిలబెట్టింది ఆధునిక కథ, ప్రధానంగా స్త్రీలు రాసిన కథ. మూడు, కాంతం కథలకూ ఆ తరువాతి స్త్రీవాద కథలకూ మధ్య ఉన్నది కేవలం విరోధం కాదు. ఇంట్లో ఎదురుమాటకు చోటివ్వాలన్న తొలి అడుగు నుంచి తీరికకూ, పేరుకూ చోటివ్వాలన్న తరువాతి అడుగుల వరకు సాగిన ఒక క్రమాన్ని వాటిలో గుర్తించవచ్చు. నాలుగు, గృహసౌఖ్యాన్ని హాస్యం, స్త్రీవాదం అనే వేర్వేరు పాఠ్యాంశాలుగా విడదీసి బోధించడం వల్ల ఈ క్రమం విద్యార్థులకు అందడం లేదు.

ఆ విద్యార్థిని ప్రశ్నకు ఈసారి తరగతిలో చెప్పదలచుకున్న సమాధానం ఇది. శారద ఆ ఇంటికి తిరిగి వెళ్లింది, ఎందుకంటే ఆ ఇంటి మీద ఆమెకు కోపం లేదు, హక్కు ఉంది. ఇల్లు తుడిచిన చేతికి ఆ ఇంట్లో కూర్చునే వీలు కూడా ఉండాలి. ఆమె ఆ వీలు తీసుకుంది. ఈ సమాధానంతో తరగతి ఏకీభవించకపోవచ్చు. అప్పుడు, ఆ సాయంత్రం వారి వారి ఇళ్లలో ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడి ఉన్నారో గమనించి రమ్మని చెబుతాను. మర్నాటి చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.